ఎల్లయ్య మామ డప్పు ఆగితే

తిరుమలగిరి దగ్గర మా ఊళ్లో ఈరోజు అమరుల స్థూపం ముందు డప్పులు మోగుతుంటే కుర్చీలో కుదురుగా కూర్చోలేకపోయాను. ఆ రాతి మీద మొదటి పేరు మా ఎల్లయ్య మామది.

నా ఈడువాళ్లకు గుర్తుందా? నిజాం రోజుల చివర్లో తుపాకులవాళ్లు ఊరి మీదికి వస్తుంటే బురుజెక్కి డప్పు కొట్టేది ఆయనే. అమ్మలు పొయ్యి మీద గట్క కుండ అట్లాగే వదిలేసి మమ్మల్ని జొన్నచేలల్లోకి తరిమేవాళ్లు.

"మోగినంతసేపు ఉరుకుండ్రి. ఆగిందంటే బోర్ల పండుకోండ్రి, తల లేపొద్దు" అనేది అమ్మ. డప్పు ఆగిందంటే వాళ్లు ఊళ్లోకి వచ్చేశారని, మామ బురుజు దిగి దాక్కున్నాడని.

ఒక రోజు మాత్రం వాళ్లు ఊళ్లోకి వచ్చినా, ముసలివాళ్లంతా చేను చేరేదాకా డప్పు మోగుతూనే ఉంది. తర్వాత తుపాకి పేలింది. డప్పు ఆగింది. జొన్నాకు మెడను కోస్తున్నా కదల్లేదు.

"మామ ఇంక రాలేదేందే?" అంటే అమ్మ నా నోరు మూసింది. ఆమె అరచెయ్యి గట్క వాసన.

ఇవాళ ఉపన్యాసాల కోసం డప్పులన్నీ ఒక్కసారిగా ఆపేశారు.

"నానమ్మా, గిట్ల నేల మీద పండుకున్నవేంది? లే, అందరు సూస్తున్నరు" అంటూ మనవరాలు నా మీదికి వంగింది.

దాని చెయ్యి పట్టి కిందికి లాగాను.

"తల లేపకు బిడ్డా."