టాంకు మీద పార దెబ్బ

మా బ్లాకుకు ఈ వారం రంగులు వేస్తున్నారు. పొద్దున తలుపు తీస్తే చాలు, థిన్నర్ వాసన ఇల్లంతా కమ్ముకుంటుంది. ఆ వాసనకు నాకు అప్పన్న గారి మోటారుసైకిలు గుర్తొస్తుంది. ఇక ఆ పూట పని సాగదు.

అప్పన్న గారు తువాస్ షిప్‌యార్డులో నా మొదటి బాస్. శ్రీకాకుళం వైపు నుంచి తాతల కాలంలో ఈ ద్వీపానికి వచ్చిన కుటుంబం. ఓడల అడుగుభాగం పరీక్షించి రిపోర్టు రాయడం మా పని. నా మొదటి రిపోర్టులో ఒక పగులును 'చిన్నది' అని రాశాను. ఆయన కాగితం వెనక్కి నెట్టారు.

"పొడుగు రాయి, లోతు రాయి. చిన్నదా పెద్దదా అన్నది నీ అభిప్రాయం బాబూ. అది మకాన్ టైములో చెప్పు, వింటాను."

భోజనాల దగ్గర నిజంగానే అడిగారు. "ఇప్పుడు చెప్పు, చిన్నదేనా?" బల్ల చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఆ తర్వాత నేను రిపోర్టుల్లో ఉన్నది ఉన్నట్టే రాశాను.

బెడోక్‌లో ఆయన ఇంటి వసారాలో ఆ బండి ఉండేది. దాని పేరు రాయను. తెలిసినవాళ్లు ముందు వెల అడుగుతారు. యుద్ధానికి ముందు అమెరికాలో ఒక చిన్న కార్ఖానా అలాంటివి కొద్దిగా మాత్రమే, చేత్తో, తయారుచేసింది. వేగంలో పెద్ద కంపెనీల బండ్లు దాని వెనకే ఉండేవట. యుద్ధం వచ్చాక ఆ తయారీ ఆగిపోయింది. నేను చూసేనాటికి బండి రంగు వెలిసిపోయింది, పెట్రోలు టాంకు మీద లోతైన సొట్ట.

"ఆ సొట్ట తీయించి పాలిష్ పెట్టిస్తే బాగుంటుంది కదా అంకుల్?" అన్నాను.

"బాగుంటదయ్యా. మా అమ్మ పోతది."

అప్పుడు చెప్పారు. బండిని ఇక్కడికి తెచ్చుకున్నది ఒక అమెరికన్ ఇంజనీరు. జపాన్ సైన్యం దగ్గరపడ్డప్పుడు దాన్ని తన మెకానిక్కుకు వదిలేసి ఓడెక్కాడు. ఆ మెకానిక్కే అప్పన్న గారి తండ్రి. ఆయన బండికి గ్రీజు పట్టించి, రబ్బరు షీట్లు చుట్టి, క్వార్టర్సు వెనక పాతిపెట్టాడు. కొన్నాళ్లకు జపాన్ వాళ్లు ఆయన్ను సయాం అడవుల్లో వేస్తున్న రైలు దారి పనికి పట్టుకుపోయారు. తిరిగి రాలేదు. ఎక్కడ పోయాడో, ఎవరైనా పూడ్చారో లేదో కబురు కూడా లేదు. ఇంట్లో బియ్యం అయిపోయాక, బండి అమ్ముదామని అప్పన్న గారి తల్లి పార తీసుకుని తవ్వింది. పార టాంకుకు తగిలింది.

"'మీ నాన్నకే తగిలిందనుకున్నాన్రా' అనేది. బండి మరెవరికీ ఇవ్వలేదు. చెవికమ్మలు ఇచ్చి బియ్యం తెచ్చింది."

"దేవికి తెలుసా?" అని అడిగాను. దేవి ఆయన ఒక్కగానొక్క కూతురు.

"రెండుమూడుసార్లు మొదలెట్టాను. మా అమ్మ మాట నాకు ఇంగ్లీషులో రాదు. తెలుగులో చెబితే దానికి సగమే ఎక్కుతుంది. చెప్తాలే, తీరిగ్గా."

కొన్నేళ్లకు ఆయనకు పక్షవాతం వచ్చి మాట పోయింది. నేను వెళ్లినప్పుడల్లా బండి పక్కన కుర్చీలో కూర్చుని ఉండేవారు. బాగున్న చెయ్యి టాంకు మీద, బొటనవేలు ఆ సొట్టలో. దేవి పక్కనే నిలబడి చూసేది. అప్పటికి ఆమెకు అంతా చెప్పే ఉంటారని అనుకున్నాను.

ఆయన సంవత్సరీకం రోజు, పురోహితుడు వెళ్లాక, దేవి నన్ను వసారాలోకి తీసుకెళ్లి గుడ్డ తొలగించింది. బండి ఎర్రగా మెరుస్తోంది.

"చూడు అన్నా, లైక్ న్యూ లా! నాన్న ఎప్పుడూ ఆ డెంట్ మీదే చెయ్యి పెట్టేవారు కదా, పాపం. మాట్లాడలేక దాన్నే చూపించేవారు. దట్ వన్ థింగ్ ఆయన్ని బాధపెట్టింది. వెల్డింగ్ చేసి నింపేశారు. వేర్ గాన్, కనుక్కో!"

వెతికాను. చేతికి ఏమీ తగల్లేదు.

"నాన్నకి నచ్చేది కదా?"

"ఎంతో శ్రద్ధగా చేయించావమ్మా," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏడాదిలో మొదటిసారి మనసు తేలికైందంది.

ఆ తర్వాత దేవిని చాలాసార్లు కలిశాను. ప్రతిసారీ చెప్పాలనే వెళ్తాను. ఆమె బండి తుడుస్తూ ఉంటుంది, నేను టీ తాగి వచ్చేస్తాను. ఆ తవ్విన మనిషి గురించి తెలిసినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. ఆమె పేరు కూడా నాకు తెలియదు. అప్పన్న గారు 'మా అమ్మ' అనే అన్నారు, నేను అడగలేదు. చూపించడానికి గుర్తేమీ లేదు. ఒక్కోసారి నాకే అనుమానం వస్తుంది, అది నిజంగా పార దెబ్బేనా అని.

ఇది తెలుగులో రాస్తున్నాను. దేవికి తెలుగు చదవడం రాదు.