ఎదురు ఓటును వెంటబెట్టుకుని సుబేదారి ప్రయాణం

ఈ ప్రయాణం పెనాంగ్‌లో ఒక టీ కొట్టు దగ్గర మొదలైంది. ఉద్యోగాలు ముగించి మలేషియాలో స్థిరపడిన కొందరు తెలుగువాళ్లం పొద్దున్నే నడక పేరుతో బయల్దేరి, కాస్త దూరం నడిచి, అక్కడ చాలాసేపు కూర్చుంటాం. ముందు వీసా పొడిగింపు, ఆరోగ్య బీమా, మోకాళ్ల మందులు, రింగిట్‌కు రూపాయి ఎంత అన్న దిగుళ్లు. ఆ తర్వాత తెలంగాణ రాజకీయం. హనుమకొండ మురికికాలువలను మేం సముద్రం ఒడ్డున కూర్చుని ఎన్నిసార్లు బాగుచేశామో చెప్పలేను. నాకు ఎదురుపక్షం సాంబయ్య. బట్టల వ్యాపారుల ఇంట పుట్టి, ఇంజనీరుగా దేశాలు తిరిగిన మనిషి. నాకంటే చిన్నవాడే గాని, ప్రజాస్వామ్యం నాకు నేర్పాలని పట్టుదల. ఉచిత పథకాలు రాష్ట్రాన్ని ముంచేస్తున్నాయని అతనంటాడు. మనం చదివిన సర్కారు కాలేజీకి ఏపాటి ఫీజు కట్టామని నేనంటాను. ఒకరోజు కొట్టు యజమానురాలు కప్పులు తీస్తూ, “ఇంతకీ మీరిద్దరూ పోయినసారి ఎవరికి ఓటు వేశారు?” అని అడిగింది. నేను ఊరు విడిచాక వేయలేదు. సాంబయ్య జన్మలో వేయలేదు, డెబ్బై దాటాయి.

అంతే, ఇద్దరం విదేశీ ఓటర్లుగా ఆన్‌లైన్‌లో పేర్లు నమోదు చేసుకున్నాం. ఇద్దరి పాస్‌పోర్టుల్లోనూ హనుమకొండలోని సుబేదారి చిరునామాయే కాబట్టి పోలింగ్ కేంద్రం ఒక్కటే. అంటే నా ఓటును అతని ఓటు కొట్టేస్తుంది. ఆ సంగతి తెలిసే టికెట్లు కొన్నాం. కౌలాలంపూర్ నుంచి హైదరాబాద్‌కు నేరుగా విమానం ఉంది, నాలుగు గంటల పైచిలుకు. సికింద్రాబాద్‌లో రైలెక్కి పోలింగ్ ముందురోజు సాయంత్రానికి స్టేషన్ ఘన్‌పూర్‌లో దిగాం. అన్ని ఎక్స్‌ప్రెస్‌లూ అక్కడ ఆగవు, చూసుకుని ఎక్కండి. సాంబయ్య పెద్దమ్మ కూతురు సత్తెమ్మ ఇల్లు ఆ ఊళ్లోనే. పొద్దున సర్వపిండి, పదకొండింటికి కోడికూర తింటే తప్ప ఆవిడ మమ్మల్ని కదలనివ్వలేదు. పోలింగ్ రోజున ఆటోలు తక్కువని, రోజంతా కలిపి మూడు వేలకు కారు మాట్లాడాను. డ్రైవర్ పేరు మల్లేశం. కాజీపేట మీదుగా సుబేదారికి గంట ప్రయాణం.

మా పోలింగ్ కేంద్రమైన బడి ముందు వరుస పొడుగ్గా ఉంది. మా వంతు వచ్చేసరికి రెండు దాటింది. నేను ఓటు వేసి వెనక్కి తిరిగి చూస్తే సాంబయ్య అధికారిణి ముందు నిలబడి వాదిస్తున్నాడు.

“ఒరిజినల్ పాస్‌పోర్ట్ కావాలె సార్.”

“గిది కలర్ జిరాక్స్ అమ్మా. లామినేషన్ గూడ చేయించిన.”

“లామినేషన్ మంచిగనే ఉన్నది సార్. ఒరిజినల్ తీసుకరాండ్రి. ఐదింటికి గేటు లోపల ఉంటే చాలు.”

విదేశాల్లో ఏళ్లు గడిపినవాళ్లకు ఇదొక జబ్బు. పాస్‌పోర్టు పోతే ప్రాణం పోయినట్టే కనుక, దాన్ని ఇంట్లో తాళం వేసి నకలు జేబులో పెట్టుకుని తిరుగుతాం. ఆ రోజు నేను అసలుదే తెచ్చుకున్నాను, అతనిది సత్తెమ్మ బీరువాలో భద్రంగా ఉంది.

గేటు బయట అరుగు మీద కూలబడి, “నువ్వు పో అక్కా, వేయి స్తంభాల గుడి చూసుకొని రా. నేనీడనే కూసుంట. నీ ఓటు నిలిచింది గదా, సంబురపడు,” అన్నాడు. నిజం చెప్పొద్దూ, కాసేపు సంబరపడ్డాను కూడా. తర్వాత అతని చొక్కా చూశాను. ఓటు కోసమని కొత్తగా కొని, తనే ఇస్త్రీ చేసుకున్న తెల్ల చొక్కా.

“లెవ్వు సాంబయ్యా, కారెక్కు.”

“యాడికి?”

“నా ఓటు ఖరాబు చేసుకోనీకి.”

ఈ వ్యాసంలో వేయి స్తంభాల గుడి ఎందుకు లేదో పాఠకులకు ఇప్పుడర్థమై ఉంటుంది.

దారిలో మల్లేశం ఉండబట్టలేక అడిగాడు. “ఏమనుకోకమ్మా. మీ ఇద్దరి ఓట్లు ఒకదానికొకటి పోయేటట్టుంటే, మీరు ఆ దేశంలనే ఉన్నా లెక్క ఒక్కటే గదా?”

“ఒక్కటే బిడ్డా. అట్లనుకునే ఇన్నేండ్లు ఆడ కూసున్నం. జర తొందరగ పోనియ్యి.”

ఘన్‌పూర్‌లో ఇంటికి తాళం. సత్తెమ్మ తన ఓటు కోసం వరుసలో నిలబడి ఉంది. సాంబయ్య దూరం నుంచే, “అక్కా, తాళంచెవి! పాస్‌పోర్టు కావాలె!” అని కేకేశాడు.

“లైన్ల నుంచి రాను, గంటసేపు నిలబడ్డ! ఇగో, పట్టు,” అని కొంగుముడి విప్పి విసిరింది. “చీరల కింద ఉంటది. నా చీరలు ఆగమాగం చేసినవంటే చూడు! దేశాలు తిరిగినోడు, తెలివి బీరువాల పెట్టి పోయిండు!” వరుసంతా నవ్వింది. సాంబయ్య నవ్వలేదు, పరుగెత్తాడు.

తిరిగి సుబేదారి చేరేసరికి ఐదుకు ఇంకా కాస్త వ్యవధి ఉంది. పోలీసాయన గేటు రెక్క మీద చెయ్యి వేసి సిద్ధంగా నిలబడ్డాడు. సాంబయ్య ఆయన చెయ్యి కింది నుంచి దూరాడు. చాలాసేపటికి సిరా వేలు పైకెత్తి బయటికొచ్చాడు గాని, ముఖం అయోమయంగా ఉంది.

“ఒక్క మొకం తెల్వదక్కా. మనం రోజు ఎవరి గురించి కొట్లాడుకుంటమో వాళ్లు ఒక్కరు లేరు ఆ మిషన్ల. గుర్తు చూసి నొక్కిన.”

“నేను గూడ అంతే,” అన్నాను.

పెద్ద నాయకులు ఎప్పుడు తుమ్మారో, ఎప్పుడు అలిగారో మాకు పూటపూటకీ తెలుసు. సుబేదారి కాలువ సంగతి ఎవరిని అడగాలో మాత్రం మా ఇద్దరిలో ఒక్కరికీ తెలియదు. అన్నేళ్ల వాదనలో లోపించింది అదేనని, ఆ రాత్రి రైల్లో కాజీపేట నుంచి సికింద్రాబాద్ దాకా అభ్యర్థుల పేర్లు ఫోన్‌లో వెతుక్కుంటూ, ఒక్కొక్కరి మీదా సరికొత్తగా కొట్లాడుకున్నాం. ఎదురు సీటావిడ లేచి వేరే చోటికి వెళ్లింది. మా ఓట్ల వల్ల ఫలితం వెంట్రుకవాసి కూడా మారలేదు. నేను మాత్రం, నా ఓటును నేనే కొట్టేయించుకుని, ఇంత హాయిగా ఓడిపోయింది ఎన్నడూ లేదు.

ఇలాంటి ప్రయాణం తలపెట్టేవాళ్లకు ఒక్క సలహా: ఒరిజినల్ పాస్‌పోర్టుతో పాటు మీకు ఎదురు ఓటు వేసే మనిషిని కూడా వెంట తీసుకెళ్లండి. కారు ఖర్చు సగమవుతుంది, పైగా ఒకవేళ మీరు బద్ధకించినా ఆ మనిషిని ఒంటరిగా లోపలికి వెళ్లనివ్వబుద్ధి కాదు.