పుర్రె బొమ్మకు బొట్టు

2022 వేసవి. కరీంనగర్ వైపు మరమగ్గాల ఊళ్లో ఒక నూలు రంగుల మిల్లుకు తనిఖీకి వెళ్లాను. పరిశ్రమలకు కాలుష్య అనుమతులిచ్చే ఆఫీసులో ఇంజనీరుగా నా పని అదే. మిల్లు నడపాలంటే సీఎఫ్‌ఓ అనే అనుమతి ఉండాలి, గడువు తీరేలోగా రెన్యువల్ చేయించుకోవాలి. అంతకుముందు మాలాంటివాళ్లం వెళ్లి, మురుగునీటి శుద్ధి నుంచి ఖాళీ డ్రమ్ముల దాకా అన్నీ చూసి రిపోర్టు రాస్తాం.

మిల్లంతా అద్దంలా ఉంది. అలా ఉన్నచోటే నాకు ఒళ్లు మండుతుంది. మేం వస్తున్నామని తెలిసి ముందురోజే కడిగిస్తారు. రంగు నిలవడానికి వాడే ఫిక్సర్‌లో ఫార్మాల్డిహైడ్ ఉంటుంది, అది విషం. ఆ డ్రమ్ము ఖాళీ అయినా మా లెక్కలో హజార్డస్ వేస్ట్, అంటే ప్రమాదకర వ్యర్థం. అనుమతి ఉన్న రీసైక్లర్‌కే అప్పగించాలి. డ్రమ్ములేవని అడిగితే, "అన్నీ రీసైక్లర్ కాడికి వోయినయ్ మేడం" అన్నాడు మిల్లు యజమాని సేటు నవ్వుతూ.

బయటికొచ్చేసరికి ఎండకు నాలుక పిడచకట్టింది. మిల్లు వెనక కూలీల వాడలో గడపలో కూర్చున్న ఒక పెద్దామెను మంచినీళ్లు అడిగాను. పేరు రాజవ్వ, అదే మిల్లులో రంగేసిన నూలు ఆరేస్తుంది. "లోపటికి రా బిడ్డా, ఎండల ఏం నిలవడ్తవ్" అంటూ మూలనున్న నీలం డ్రమ్ములో చెంబు ముంచింది.

చెంబు అందుకోబోయి ఆగిపోయాను. డ్రమ్ము తళతళలాడుతోంది. ఫిక్సర్ లేబుల్ మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద పుర్రె గుర్తు, పుర్రె నుదుట కుంకుమ బొట్టు.

"అవ్వా, ఇదెక్కడిది?"

"సేటు ఇచ్చిండు. ఏటా దసరకు వాడోల్లకిస్తడు. చింతపండు వెట్టి తోమినం, సున్నం వోసి కడిగినం. గా బొమ్మను మాత్రం ముట్టలే. దిష్టి తాకకుండ వెట్టిండ్రు గదా."

గుమ్మానికి దిష్టిబొమ్మ కట్టుకునే మనిషికి ఆ గుర్తు ఇంకెలా కనబడుతుంది? పక్కన రాసిన హెచ్చరిక మొత్తం ఇంగ్లీషు. చెప్పాల్సినవాడు నోరు విప్పలేదు సరికదా, విషం డబ్బాను పండుగ కానుక చేశాడు. నా కోపం అంతా ఇంతా కాదు. ఇందులో విషం వచ్చేది, ఈ నీళ్లు తాగొద్దని చెప్పాను. రాజవ్వ మొహం మాడిపోయింది.

"గిది తీస్కపోతే నీళ్లు దేంట్ల వట్టాలె బిడ్డా? నల్లా దినాం రాదు. తాగెటియి, వండెటియి అన్నీ గిండ్లనే."

వాడంతా తిరిగాను. ఇంటింటా అవే డ్రమ్ములు, అవే బొట్లు. తిన్నగా మిల్లుకు వెళ్లి సేటును నిలదీశాను.

"ఊకెనే ఇచ్చిన మేడం, పుణ్యానికి," అన్నాడు. "జర సూసీసూడనట్టు పోండ్రి. రెన్యువల్ ఆగితే గీ గరీబోల్ల కూలే వోతది."

వాళ్లకు విషం పోసిందీ ఇతనే, వాళ్ల కూలి అడ్డం పెట్టుకుని నన్ను బెదిరించేదీ ఇతనే. ప్రతి పాత డ్రమ్మూ వెనక్కి రావాలి, దాని చోట కొత్తది, నీళ్లకు పనికొచ్చేది ఇంటికి చేరాలి, అప్పటిదాకా నా రిపోర్టు కదలదని చెప్పి లేచాను. సేటు ఫిర్యాదు చేసినట్టున్నాడు, సాయంత్రానికల్లా మా పై అధికారి ఫోన్ చేశారు.

"కొత్తవి ఇప్పించమని ఏ రూల్లో ఉందమ్మా?"

"ఏ రూల్లోనూ లేదు సార్. పాతవి వెనక్కి తేవాలని మాత్రం ఉంది. నీళ్లు పట్టుకునే డ్రమ్మును ఊరికే ఇచ్చేయమంటే ఏ ఇల్లాలు ఇస్తుంది?"

ఆయన విసుగ్గా ఫోన్ పెట్టేశారు, కాదని మాత్రం అనలేదు. సేటు సణుక్కుంటూ కొత్త డ్రమ్ములు తెప్పించాడు. పాతవి మళ్లీ ఏ ఇంటికీ చేరకుండా, రీసైక్లర్‌కు పంపేముందు మిల్లులోనే అన్నింటినీ కోయించాను. నిలబడి చూస్తున్న నా దగ్గరికి రాజవ్వ వచ్చింది. నా మీద కోపంగానే ఉంది.

"డ్రమ్ము తీస్కపోతివి, మంచిదే. మరి గిన్నేండ్లు తాగిన నీళ్లు? నా మనుమరాలు బుట్టినకాంచి గవే తాగింది. గవెట్ల తీస్తవ్ బిడ్డా?"

ఇన్నేళ్ల నౌకరీలో అంత సూటిగా నన్నెవరూ అడగలేదు.

ఆ రోజు తెలిసింది నాకు. డ్రమ్ము ఎటు పోయిందని మా చట్టం అడుగుతుంది, దాంట్లోంచి ఎవరు తాగారని అడగదు. వాడలో చిన్నాపెద్దా అందరికీ వైద్య పరీక్షలు చేయించాలని రాసి పై ఆఫీసుకు పంపాను, మళ్లీ మళ్లీ గుర్తుచేశాను. ఇప్పటికీ జవాబు లేదు. సేటుకు మాత్రం రెన్యువల్ వచ్చింది.