బావ బొటనవేలు

మా బావ గడ్డం గీస్తుంటే జనం కుర్చీలోనే గురకపెట్టేవాళ్ళు. అంత తేలిక చెయ్యి. ఆ చేతుల్ని ఒక జ్వరం తినేసింది. ఇన్‌ఫెక్షన్ రక్తంలోకి పాకి, ఐసీయూలో నలభై రోజులు గొట్టాల మధ్య పడున్నాడు. ప్రాణం దక్కింది గానీ చేతుల్లో, పాదాల్లో నరాలు దెబ్బతిన్నాయి. "నరం నత్తనడకన కోలుకుంటుంది. ఏడాది పట్టొచ్చు, రెండేళ్ళు పట్టొచ్చు, కొంత రాకపోనూవచ్చు," అన్నారు డాక్టరుగారు.

మొదటి ఆర్నెల్లు చెంచా ఎత్తడానికే సరిపోయింది. తరువాత కత్తి పట్టాడు. బెలూన్లకు నురగ పూసి గీసేవాడు. అవి ఢామ్మని పేలినప్పుడల్లా వంటింట్లో అక్క ఉలిక్కిపడేది. ఏడాది దాటాక పేలడం ఆగింది, కుడిచేతికి పట్టొచ్చింది. ఎడమ బొటనవేలు మాత్రం మొద్దులా ఉండిపోయింది. చర్మాన్ని సాగదీసి పట్టేది ఆ వేలే. దానికి స్పర్శ లేకపోతే కత్తి గుడ్డిదే.

ఒక మధ్యాహ్నం సెలూన్ తలుపు మూసి నన్ను తన కుర్చీలో కూర్చోబెట్టాడు. ఇన్నాళ్ళూ షాపు నడిపింది నేనే, పక్క కుర్చీ దగ్గర.

"ఇవాళ నీకు గాటు పడిందా, ఈ కుర్చీ నీదేరా. మళ్ళీ కత్తి ముట్టను."

"గొంతు నాది, పందెం నీదా? బాగుంది బావా!" అన్నాను. ఎవరికీ నవ్వు రాలేదు. మాతో వచ్చిన అక్క టవల్ పట్టుకుని గోడకు ఆనుకుంది.

నిజం చెబుతున్నాను, భయపడ్డాను. చెంపలు అయ్యాయి. దవడ కిందికి వచ్చేసరికి ఆయన ఊపిరి నా చెవిలో వినిపిస్తోంది. గుటక వేయడానికి కూడా జంకాను. అద్దంలో చూస్తుండగానే తెల్లటి నురగలో ఎర్రటి చార కనబడింది.

"తెగింది," అన్నాడు బావ. కత్తి బల్ల మీద పెట్టేశాడు.

"నాకేం నొప్పి లేదు బావా!"

"అబద్ధాలాడకు." ఆయన ముఖం పాలిపోయింది. కంగారులో ఎడమచేత్తోనే పటికముక్క తడిపి నా గొంతు మీద గట్టిగా రుద్దాడు. నాకు చల్లగా తగిలింది, అంతే.

రుద్దుతున్నవాడల్లా చటుక్కున చెయ్యి లాక్కున్నాడు. "అబ్బా! మంట!"

అక్క టవల్‌తో నా మెడ తుడిచింది. ఎక్కడా గాటు లేదు. ఆయన బొటనవేలి చివర తెగి రక్తం కారుతోంది.

"తెగినప్పుడు తెలీలేదు," అన్నాడు బావ. "ఇప్పుడు మండుతోందే! లోపల్నుంచి మండుతోంది!"

"పందెం నా గొంతు మీద, నీ వేలి మీద కాదు," అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. పటికను మళ్ళీ వేలికి అద్దుకున్నాడు, మళ్ళీ అరిచాడు. అక్క ఏడుస్తూనే, "ఇంకోసారి అద్దండి," అంది.