రంగం మనిషి

పెళ్లయి రాజాం వచ్చిన కొన్నేళ్లకి మా పెరటివైపు గదిలో ఒకావిడ అద్దెకు దిగింది. అది పంతొమ్మిదివందల అరవై ఏడో, అరవై ఎనిమిదో. బర్మాలో మనవాళ్ల కొట్లు లాగేసుకుని వెళ్లగొడితే ఓడెక్కి వచ్చినవాళ్లలో ఆమె ఒకతె. రంగూన్‌ని మా వైపు రంగం అనేవారు. అందుకని ఆమెకి రంగం మనిషి అనే పేరు పడింది. నలభైకి దగ్గర్లో ఉండేది. నా అన్నవాళ్లెవరూ లేరు. వాళ్ల తాతది కళింగపట్నం దగ్గర పల్లె కాబట్టి మాట మాత్రం అచ్చం మా మాటే. మా వైపు అక్కని పిలిచినట్టే ఆమెని అప్పా అనేదాన్ని.

మా అత్తగారికి మొదటినుంచీ ఆమె మీద అనుమానం. పట్టపగలే తలుపు గడియ వేసుకునేది. బస్సు హారన్ మోగితే గోడకి అంటుకుపోయేది. బూరెలు పట్టుకెళితే, అందులో ఒకటి నేను తింటేగాని ముట్టేది కాదు.

"మనం ఇసం పెడతామనుకుంటందేటి?" అని అత్తగారు మండిపడేవారు. అప్పట్లో కొండలవైపు గిరిజనుల తిరుగుబాటు గొడవలు. కొత్త మనిషి కనిపిస్తే పోలీసులు ఆరా తీసేవారు. "ఒసే, అది ఎవులికి కబుర్లు మోస్తందో మనకేటి తెలుసు? పిల్లని దాని దరికి పోనీకు."

నా కూతురు అప్పుడప్పుడే పాకుతోంది. ఆమె దాన్ని ఎప్పుడూ ఎత్తుకునేది కాదు. దూరంగా కూర్చుని కన్నార్పకుండా చూసేది. ఆ చూపు నాకూ నచ్చేది కాదు.

ఒక మధ్యాహ్నం పాపని వరండాలో చాప మీద వదిలి నూతి దగ్గర బట్టలు జాడిస్తున్నాను. ఇళ్ల కప్పులు తాకేంత కిందుగా విమానం పోయింది. పంటలకి మందు కొట్టేదని కొందరు, కొండల్లోకి వెళ్లేదని కొందరు అన్నారు. నిజమేమిటో నాకిప్పటికీ తెలియదు. విమానాన్ని చూసి ఇటు తిరిగేసరికి చాప ఖాళీ. పెరటి తలుపు బార్లా తెరిచి ఉంది.

"సెప్పానా! పిల్లనెత్తుకుపోనాది!" అత్తగారి కేకకి వీధంతా కదిలింది. మగవాళ్లు బస్సులు ఆగే చోటికి పరిగెత్తారు. నేను పెరటిదారినే పోయాను. వెనక ఎండిపోయిన కాలువ మీద తూము ఉండేది. అందులోంచి సన్నగా ఏడుపు వినిపించింది.

వంగి చూశాను. పాపని పొట్ట కింద దాచుకుని ఆమె ముడుచుకుపోయి ఉంది. పాప నోటికి అడ్డంగా పెట్టబోయిన చెయ్యి గాల్లోనే ఆగి ఉంది.

"అప్పా, పాపనిచ్చీ."

"కూకో! తల దించు! అది మళ్లీ తిరిగొస్తాది!"

ఆమె నన్ను గుర్తుపట్టలేదు. లాక్కోబోతే ఏం చేస్తుందోనని భయం వేసి నేనూ తూములోకి దూరాను. "ఎల్లిపోనాదప్పా, ఇక రాదు" అని చెబుతూనే ఉన్నాను. చాలాసేపటికి ఆమె చేతులు సడలాయి.

పాపతో ఇద్దరం ఇంటికి వచ్చేసరికి ఎవరో ఆమె మీదికి కర్ర ఎత్తారు. అత్తగారు పాపని పైనుంచి కిందిదాకా తడిమి చూసుకుని, "ఆగండి. దాన్ని సెప్పనీండి" అన్నారు.

ఆమె నేల చూస్తూ చెప్పింది. జపాను యుద్ధంలో రంగం మీద బాంబులు పడేనాటికి ఆమె చిన్నపిల్ల. చంకలో తమ్ముడు. "ఇమానం సప్పుడికి బయమేసి ఆడ్ని గట్టు మీద ఒగ్గీసి గోతిలోకి దూకీసినాను. మళ్లీ పైకొచ్చీసరికి గట్టే లేదమ్మా."

జనం ఒక్కొక్కరే వెళ్లిపోయారు. "నిజమో, కట్టుకథో" అన్నారు అత్తగారు వంటింట్లో.

మర్నాడు ఆమె మా గుమ్మం ముందుకు వచ్చి నిలబడింది. లోపలికి రాలేదు.

"సెల్లెమ్మా, పాపని నా దరిని ఒంటిగా ఒగ్గీకు. నిన్న దాని నోరు మూసీబోనాను. ఆ ఇమానం సప్పుడు ఇంటే నా సేతులు ఏటి సేస్తాయో నాకే తెల్దు."

లోపల్నుంచి అత్తగారు పాపతో వచ్చారు. ఆమెని ఎగాదిగా చూసి, అరుగు మీద చతికిలబడ్డారు.

"నాను ఇక్కడే కూకుంటాను. ఎత్తుకో."

ఆమె రెండడుగులు వెనక్కి వేసింది. అత్తగారు మళ్లీ అన్నారు. ఆఖరికి ఆమె కూర్చుని ఒడి పట్టింది.

విశాఖపట్నంలో బర్మానుంచి వచ్చినవాళ్లకి కట్టిన కాలనీకి ఆమె వెళ్లిపోయేదాకా మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. పాప ఆమె ఒడిలో ఉన్నంతసేపూ అత్తగారు ఏదో ఒక కబురు చెబుతూనే ఉండేవారు. కళ్లు మాత్రం ఆమె చేతుల మీదనుంచి తీసేవారు కాదు.