కోటు కింద చొక్కా

మహబూబ్‌నగర్ బస్టాండు ఎదురు సందులో గజాలాకు చిన్న డీటీపీ దుకాణం ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక జిరాక్సు మిషను, గోడకు తెల్ల పరదా, దాని ముందు ఒక స్టూలు. అర్జీలు, పెండ్లి కార్డులు, పాస్‌పోర్టు సైజు ఫోటోలు ఆమె పని. చదువు పదో తరగతితో ఆగింది. ఎవరి అర్జీలోనైనా వాక్యం కుంటితే మాత్రం అడగకుండానే సరిచేసి ఇచ్చేది. ఆ అలవాటు చూసే తిరుమల సారు ఆమెను ఆదివారం కథల కూటానికి రమ్మన్నాడు. ఆయన రిటైరైన తెలుగు పంతులు. లైబ్రరీ వెనక గదిలో ఆరేడుగురిని కూర్చోబెట్టి, ఒకరు రాసింది ఇంకొకరితో చదివించి, ఎక్కడ విసుగొచ్చిందో చెప్పమనేవాడు.

రెండేండ్లుగా గజాలా అక్కడ ఒక నవల రాస్తోంది. తప్పిపోయిన మనిషి కథ.

ఆమె అన్న ఖుద్దూస్ బోరు మోటర్లకు వైండింగు చేసేవాడు. 2016 ఎండాకాలంలో ఒక పొద్దున, రాగి తీగ తెస్తానని జడ్చర్ల బస్సెక్కాడు. తీగ కొన్నాడని దుకాణదారు చెప్పాడు. ఆ తర్వాత ఫోను మోగలేదు, మనిషి తిరిగి రాలేదు. పోలీసులు కొన్నాళ్లు తిరిగి ఊరుకున్నారు.

అతని భార్య జేబా, గజాలా ఒకే ఇంట్లో ఉంటారు. జేబా జడ్చర్ల దగ్గర బట్టలు కుట్టే యూనిట్లో పని చేస్తుంది. అతనెక్కిన బస్సులోనే రోజూ పోయి వస్తుంది. ఆమెకు తెలుగు మాట వచ్చు కానీ చదవడం రాదు. అందుకని ఆదివారం సాయంత్రం గజాలా కొత్త అధ్యాయం చదివి వినిపించేది, జేబా చిక్కుడుకాయలు తుంచుతూ వినేది. అయిపోయాక ప్రతిసారీ ఒకటే అడిగేది.

"పుస్తకంలనన్న వస్తడా?"

గజాలా కాగితాలు మడిచి పెట్టేసేది. వస్తాడని రాస్తే అబద్ధమాడినట్టుంటుంది. రాడని రాస్తే తన చేత్తోనే తలుపు మూసినట్టుంటుంది.

నవలలో తప్పిపోయినవాడి పేరు ఫైసల్, సైకిళ్లు బాగుచేస్తాడు. మొదటి మూడు అధ్యాయాలూ పరుగెత్తాయి. ఫైసల్ ఇల్లు వదిలాడు, బస్సెక్కాడు, పొద్దుగూకినా రాలేదు. నాలుగో అధ్యాయం నుంచి ఇంట్లో కూర తరిగారు, వాన కురిసింది, గుమ్మంలోకి ఎవరో వచ్చినట్టయి చూస్తే ఎవరూ లేరు. ఐదు, ఆరు, ఏడు కూడా అంతే.

తొమ్మిదో అధ్యాయం చదివిన ఆదివారం, కూటంలో ఒకడైన కండక్టరు బీరప్ప చెయ్యి ఎత్తాడు.

"అక్కా, రెండో అధ్యాయంల బస్సెక్కిండు. తొమ్మిదో అధ్యాయంల గూడ బస్సు గాన్నే ఉన్నది. డ్రైవర్ ఛాయ్‌కు పోయిండా ఏంది?"

అందరూ నవ్వారు. గజాలా కూడా నవ్వింది. తిరుమల సారు నవ్వలేదు, కాగితాలు వెనక్కి తిప్పుతూ కూర్చున్నాడు. నెమ్మదిగా రాయడం తప్పేమీ కాదని, కూర తరిగిన పేజీలు తనకు నచ్చాయని అన్నాడు. తర్వాత కళ్లద్దాలు తీశాడు.

"మనిషి తప్పిపోతే మొదలు ఫోటో పెట్టి కాగితాలు పంచుతరు గదమ్మా. తొమ్మిది అధ్యాయాలల్ల ఒక్క కాగితం లేదు. కాగితాలు కొట్టే దుకాణమే నీది."

మర్చిపోయానంది గజాలా.

"మర్చిపోలేదు బిడ్డా. దాని చుట్టూతనే తిరుగుతున్నవ్. అందుకే కథ ముందటికి పోతలేదు."

ఇంటికి నడుస్తూ ఆమె ఆ మాటను ఒప్పుకుంది.

పరదా ముందు కూర్చున్న ప్రతివాడికీ కంప్యూటరులో కోటు తొడగడం ఫోటో దుకాణాల రివాజు. బతుకులో కోటు మొహం చూడని రైతుకూ, గొర్ల కాపరికీ నల్లకోటు, టై వచ్చేస్తాయి. కోటు లేకపోతే ఫోటో సరిగా తీయలేదని అలుగుతారు కూడా. ఖుద్దూస్ ఒకసారి లైసెన్సు కాగితం కోసం పనిలోంచి నేరుగా వచ్చి స్టూలు మీద కూర్చున్నాడు. నీలిగళ్ల చొక్కా, జేబు మీద మోటరు తీగలకు పూసే వార్నిష్ మరక, అరచేయంత. గజాలా అడగకుండానే కోటు తొడిగింది, నుదుటి మీది గాటును చెరిపేసింది. అతను చూసి మురిసిపోయాడు.

"కలెక్టర్ను జేసినవ్ గదనే!"

అతను పోయిన మూడో రోజు తొందరలో చేతికి దొరికింది ఆ ఫోటోనే. ఐదువందల కాగితాలు అచ్చువేసి జడ్చర్ల నుంచి కర్నూలు దాకా బస్టాండ్లలో, దవాఖానల్లో, దర్గాల దగ్గర అంటించారు. ఒక్క ఫోనూ రాలేదు.

ఎందుకు రాలేదో రెండేండ్ల తర్వాత తెలిసింది. పోచయ్య అనే గొర్ల కాపరి ఫోటోలు తీసుకుపోవడానికి అతని భార్య వచ్చింది. గజాలా ఇచ్చిన కోటు ఫోటోను అటూ ఇటూ తిప్పి, బల్ల మీద పెట్టేసింది.

"గీ దొర ఎవరమ్మా? మా ఆయనది ఇయ్యి."

నలభై ఏండ్లు కాపురం చేసిన ఆడమనిషే గుర్తుపట్టలేదు. ఆ పూట గజాలా దుకాణం మూసేసింది. కొత్త కాగితాలు వేద్దామనుకుంది. వేస్తే జేబా ఎందుకని అడుగుతుంది. చెబితే ఆ ఇంట్లో ఉంటుందో ఉండదో తెలియదు. రేపు, ఎల్లుండి అనుకుంటూ ఏండ్లు గడిపింది.

నాలుగు నుంచి తొమ్మిది దాకా పక్కన పెట్టి, ఆ వారం ఆమె కొత్త నాలుగో అధ్యాయం రాసింది. అందులో ఫైసల్ చెల్లెలు ఫోటోకు కోటు తొడిగింది.

ఆదివారం సాయంత్రం ఇంట్లో చదువుతుంటే సగంలో చిక్కుడుకాయల చప్పుడు ఆగింది. గజాలా తలెత్తలేదు, చివరి వాక్యం దాకా చదివి కాగితాలు ఒళ్లో పెట్టుకుంది. జేబా ముందున్న గిన్నెను చాలాసేపు చూసింది.

"ముందుగాల్నే జెప్తే…" అని ఆగిపోయింది. చేతిలోని కాయను గిన్నెలో వేసి అడిగింది. "గా కోటు తీస్తే కింద చొక్కా ఉంటదా?"

ఉంటుందంది గజాలా. కంప్యూటరులో కోటు చొక్కా మీద పరిచిన పొర లాంటిది, కిందిది కిందే ఉంటుంది.

ఇద్దరూ అప్పుడే దుకాణానికి పోయారు. పాత హార్డ్ డిస్కు వెతికితే ఫైలు దొరికింది. గజాలా కోటును తీసేసింది, చెరిపిన గాటును తిరిగి పెట్టింది. నీలిగళ్ల చొక్కాతో, నలిగిన కాలరుతో, పని మధ్యలోంచి లేచొచ్చిన ఖుద్దూస్ వాళ్లను చూశాడు. జేబా వేలు తెర మీద వార్నిష్ మరక దగ్గర ఆగింది.

"గీ మరకకు ఎంత కిరోసిన్ వోసి రుద్దిననో. పోనే పోలే."

తర్వాత వేలు తీసి, కొంగుతో తెర తుడిచింది. "రెండొందలు కొట్టు" అంది.

సోమవారం మైదా జిగురు డబ్బా పట్టుకుని జేబా ఒక గంట ముందే బస్సెక్కింది. సాయంత్రం వచ్చేసరికి గోళ్లలో జిగురు ఎండి ఉంది. గజాలా మంచినీళ్లిచ్చి, ఎవరైనా గుర్తుపట్టారా భాభీ అని అడిగింది.

"లేదు. ఛాయ్ బండాయన శాన సేపు చూసిండు. ఎన్నడు సూడలేదన్నడు." జేబా నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టింది. "మోటర్ల పని జేస్తడా, జేబు మీద గది వార్నిషే గదా, అన్నడు. అవునన్న."

తొమ్మిదేండ్లలో బయటి మనిషి ఒకడు ఖుద్దూస్‌ను ఖుద్దూస్‌లా చూడటం అదే మొదలు.

ఆ ఆదివారానికి ఐదో అధ్యాయం తయారైంది. ఛాయ్ బండి దగ్గర ఒక ముసలాయన కాగితం ముందు ఆగి, గ్లాసు చేతిలోనే ఉంచుకుని దగ్గరికి వంగాడు. అక్కడ అధ్యాయం అయిపోయింది. గజాలా కాగితాలు సర్దుతూ ఎప్పటి ప్రశ్న కోసం చూసింది.

జేబా చిక్కుడుకాయలను పక్కకు జరిపింది.

"తర్వాత ఏమైతది?"

"తెల్వది భాభీ. రాయాలె."