పోదుం

ఆ రోజుల్లో అలసట అంటే ఏమిటో నాకు తెలియదు. ఎదుటివాళ్ళకి తెప్పించడం మాత్రం బాగా వచ్చేది. ఇప్పుడు చెప్పులు వేసుకోవాలన్నా ఓసారి కూర్చుని ఆలోచించుకోవాల్సి వస్తోంది గనక, ఆ ఉసురే తగిలిందేమో అనిపిస్తుంది. పుట్టుకతోనే చూపులేని నాకు, కావలి నుంచి పుదుచ్చేరి వచ్చీ రాగానే ఒక చిన్న శిక్షణ కేంద్రంలో ఉద్యోగం దొరికింది. చూపు లేనివాళ్ళకి, బడిపిల్లల దగ్గర్నుంచి ముసలివాళ్ళ దాకా, తెల్లకర్రతో ఒంటరిగా నడవడం నేర్పాలి. (నాకు తమిళం ఒక్క ముక్క రాదు. తెలుగువాళ్ళనే అప్పగిస్తామన్నారు, ఇంకేం కావాలి అనుకున్నాను.)

మొదటి శిష్యురాలు, నెల్లితోపు పేటలో అందరూ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ. అరవై దాటాక చూపు పోయింది. తరతరాలుగా ఇక్కడే ఉన్న తెలుగు కుటుంబం. వాళ్ళింటి తెలుగులో సగం తమిళమే. ఆవిడ కోరిక ఒక్కటే, తేంగాయితిట్టు రేవుకి తనే వెళ్ళి చేపలు తెచ్చుకోవాలి. "కోడలు తెచ్చే చేప యాడిదో, ఎప్పటిదో! నాకు పోయింది కండ్లు సారూ, ముక్కు కాదు," అనేది. కొడుకు మాత్రం ఖరాఖండిగా చెప్పేశాడు: "ఒక్కసారి ఏమన్నా అయిందంటే ఆ కర్ర అటకెక్కుతుంది. మళ్ళా నువ్వు గడప దాటేది లేదు."

ఆ ఉదయం పాఠం వీధి చివర బస్టాపు దాకానే. చేరగానే పెద్దమ్మ, "పోదుం సారూ," అంది. అబ్బ, ఏం హుషారు అనుకుని, "పోదాం పదండి" అన్నాను. చేరిన కొత్తలోనే కేంద్రంవాళ్ళు నడిపించి చూపించారు గనక రేవుదాకా దారి నా కాళ్ళకి ముందే తెలుసు. ఆవిడ కర్ర ముందు, నేను వెనక. మార్కెట్టు దాటాక మళ్ళీ, "పోదుం, పోదుం!" ఇంత అడిగే శిష్యురాలిని ఏ గురువు కాదంటాడు? ఎండెక్కింది. ఆటోలు చెవుల్లోనే హారన్లు కొట్టాయి. ఆవిడ రొప్పుతూనే పోదుం అంటోంది, నేను పదండి పదండి అంటున్నాను.

చివరికి ఉప్పుగాలి, చేపల వేలంపాట కేకలు. పెద్దమ్మ గట్టుమీద కూలబడింది. "నీకేమన్నా బుద్ధుందా? పోదుం పోదుం అని అరస్తా ఉంటే ఈడిదాకా తరిమితివే!"

"మీరు అంటేనే కదమ్మా వచ్చాం!"

"పోదుం అంటే చాలు అని సామీ, తమిళంలో!"

కొడుకు అన్న మాట గుర్తొచ్చింది నాకు. ఆవిడ గాలి గట్టిగా పీల్చి, "ఇది రేవేనా? నేనేనా నడిచి వచ్చింది?" అంది. ముక్కు చీదిన చప్పుడైంది.

తనే వాసన చూసి కొన్న చేపల సంచితో ఆవిడ బయల్దేరేసరికి కొడుకు స్కూటర్ మీద దిగాడు, వీధులన్నీ వెతికాడట. "పోదుమ్మా! ఇంక పోదుం!" అని అరిచాడు. ఈసారి నాకు అర్థం తెలుసు గనక ఉన్నచోటే ఆగిపోయాను. పెద్దమ్మ తాపీగా కర్ర చాచి, "విన్నావా సారూ, మావోడు గూడా పోదుం అంటా ఉండాడు. పద," అని బస్టాపు వైపు నడిచింది. పాపం, అతను స్కూటర్ తోసుకుంటూ వెనకాలే వచ్చాడు. ఆ కర్ర అటకెక్కలేదు.

ఇప్పుడు నా మోకాళ్ళు రెండూ మొరాయిస్తున్నాయి. పొద్దున్నే కర్ర అందుకుంటే, ఇక్కడే పుట్టి పెరిగిన మా అమ్మాయి విసుక్కుంటుంది: "పోదుం నాన్నా! ఇంకా ఎంతమందికని నేర్పుతావు?" నిజమే, చాలా అలిసిపోయాను. కానీ గోరిమేడులో కొత్తగా చూపు పోయిన పిల్ల ఒకతి నాకోసం కాచుకుని ఉంటుంది. "అలాగే తల్లీ, పోదాం," అంటూ చెప్పులు వెతుక్కుంటాను. ఆ ఒక్క మాట దగ్గర మాత్రం నాకింకా తమిళం రాలేదు.